ఏనుగు కొట్టం పడమటి తలుపు

"మళ్లీ చల్లలో ఊక!"

సూరమ్మ కుండలోంచి గరిటె పైకెత్తి అందరికీ చూపించింది. గరిటె అంచుకు అంటుకుని ఉన్నది ఒకే ఒక్క పొట్టు. చీమ కూడా దానికోసం దారి మళ్లదు. కానీ సూరమ్మ మొహం చూస్తే కుండలో కోడె దూడ పడిందేమో అనిపించేది.

"ఒక్క పొట్టుకే ఇంత రాద్ధాంతమా?" అంది అత్తగారు పోలవ్వ, అరుగు మీద కూర్చుని చింతపిక్కలు కొడుతూ. "పడమటి తలుపు తీస్తే గాలి వస్తుంది. గాలికి ఊక ఎగురుతుంది. ఎగిరింది ఎక్కడో ఒకచోట వాలాలి కదా! నీ చల్లలో వాలింది. దాని అదృష్టం."

"అదృష్టం దానిది, గొంతులో గరగర మనది. అందుకే ఆ తలుపు మూసేశాను అత్తా. గడియ పెట్టాను. గడియ వెనక ఎద్దుల పాత కాడి కూడా అడ్డం దూర్చాను."

పోలవ్వ చేతిలో రాయి ఆగిపోయింది. "మూశావూ? కోతలైపోయి రాశి పోసుకున్నాక కొట్టానికి ఊపిరి ఆపేశావూ? ఒరే గంగన్నా! నీ పెళ్లానికి చెప్పరా."

"ఏమండీ! మీ అమ్మకే చెప్పండి."

గంగన్న తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. "ఎద్దులకు నీళ్లు పెట్టాలి" అని లేచాడు. ఎద్దులు అప్పుడే నీళ్లు తాగి వచ్చాయి. వాటి మూతులింకా కారుతూనే ఉన్నాయి.

స్తంభం చాటున నిలబడి కూతురు చెంగల్వ నవ్వు ఆపుకోలేక పమిట నోట్లో కుక్కుకుంది. నాన్న పుణ్యాన ఆ ఇంటి ఎద్దులు తాగినన్ని నీళ్లు రాజ్యంలో ఏ ఎద్దులూ తాగి ఉండవు. సూరమ్మ ఇక మాట పెంచకుండా, గోడకు వేలాడుతున్న వెదురు చేట తీసి చల్లకుండ మీద బోర్లించింది. "ఇప్పుడు పడమను చూద్దాం ఆ ఊకని" అనుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

కుంభగిరి రాజ్యంలో కోటలకు కొదవ లేదు గాని, ఏనుగు కొట్టంలాంటి కొట్టం మాత్రం అదొక్కటే. దూరం నుంచి చూస్తే, పండిన చేల నడుమ బూడిదరంగు ఏనుగొకటి మోకాళ్లు మడిచి పడుకున్నట్టుండేది. దాని గోడల్లో సున్నం చుక్క లేదు. రాతి ఒడిలో రాయి ఒదిగేలా పేర్చుకుంటూ పోయారు. అదీ ఒక గోడ కాదు, లోపలొకటి, బయటొకటి. నడుమ చిన్నరాళ్ల కూర్పు. అక్కడక్కడ ఒకే పొడవాటి బండ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగి రెంటినీ కలిపి పట్టుకునేది. వాటిని ఆ ఇంట్లో పెళ్లిరాళ్లనేవాళ్లు. "అవే లేకపోతే రెండు గోడలూ చెరోవైపు అలిగి పడిపోవూ?" అనేది పోలవ్వ.

కిటికీలు కత్తిగాటుల్లా సన్నగా ఉండేవి. బయట జానెడు, లోపలికి వచ్చేసరికి బారెడు. వానజల్లు దూరలేక బయటే ఆగిపోయేది. ఎండ మాత్రం విసనకర్ర విప్పినట్టు లోపలంతా పరుచుకునేది. పైన టేకు దూలాలు ఏనుగు పక్కటెముకల్లా వంగి నాపరాళ్ల కప్పును మోసేవి. రెండు పక్కలా ఎద్దులకు రాతి తొట్లు, నడుమ అద్దంలా అరిగిన బండల కల్లం. ఆ కల్లానికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, గడ్డిబండి ఒరుసుకోకుండా పట్టేంత తలుపులు, ఎదురెదురుగా. ఒక వాకిట్లో నిలబడి నూలుపోగు లాగితే అది తిన్నగా రెండో వాకిలి నడిమికి వెళ్లి తగిలేది.

దాన్ని కట్టించిన ముత్తాత తిమ్మన్న పునాది తవ్వకముందు ఏడాది పొడవునా ఖాళీ చేలో నిలబడి, రోజూ చేటెడు ఊక ఎగరేసి చూసేవాడట. ఊరివాళ్లు మతి చలించిందన్నారు. ఆయన పట్టించుకోలేదు. ఊక ఎటు చూపించిందో అటు గుమ్మాలు పెట్టించాడు. అప్పటినుంచి పడమటి గాలి వేళకు ఆ రెండు తలుపులూ తీస్తే, కల్లం మీద గాలి ఏరులా పారేది. ఎగరేసిన ధాన్యంలో గట్టిగింజ కాళ్ల దగ్గర కుప్పపడేది, తాలూ పొల్లూ తూర్పు వాకిట్లోంచి బయటికి కొట్టుకుపోయేది. బయట ఉన్నది సూరమ్మ చల్లకుండ. అదీ గొడవ!

చెంగల్వ కొట్టంలోకి అడుగుపెట్టేసరికి నిన్న కుదిరిన కొత్త కూలివాడు పుల్లయ్య తూర్పు గుమ్మం దగ్గర నిలబడి, కిటికీలోంచి వస్తున్న కాస్త గాలికే చేటతో ధాన్యం ఎగరేస్తున్నాడు. అదీ గాలికి ఎదురుగా తిరిగి! ఎగరేసిన ఊకంతా తిరిగొచ్చి వాడి మొహానే పడుతోంది. కనుబొమ్మలు పచ్చగా నెరిసిపోయాయి. తుమ్ము మీద తుమ్ము.

"ఓయ్ పుల్లయ్యా! గాలికి వీపు పెట్టాలి, మొహం కాదు. ఏ ఊళ్లో నేర్చుకున్నావు ఈ పని?"

"మా... హాచ్! మా ఊళ్లో అందరూ ఇలాగే చేస్తారండీ."

"అయితే మీ ఊళ్లో అందరూ గుడ్డివాళ్లై ఉండాలి." చెంగల్వ వాడి చెయ్యి లాగి చూసింది. కొడవలి పట్టే చోట కాయ లేదు. కత్తి పట్టే చోట ఉంది. "పొద్దున ఎద్దు పక్కకు తప్పుకుంటే 'కృతజ్ఞుడను' అన్నావు. నేను విన్నాను. ఎద్దుకు కృతజ్ఞతలు చెప్పే కూలివాణ్ని నేనింతవరకు చూడలేదు. నిజం చెబుతావా, మా నాయనమ్మను పిలవనా?"

పోలవ్వ మాట ఎత్తగానే వాడు చేట కింద పెట్టేశాడు.

"నా పేరు హేమకేతు. కుంభగిరి రాజు కొడుకుని. మా నాన్నగారిని తుషదంష్ట్రుడనే మాంత్రికుడు పట్టుకుపోయి ఇనుపకోనలో బంధించాడు. వాడు మా కొలువులోనే పండితుడు. గుబ్బలకొండ దేవత కోసం తపస్సు చేస్తే ఆమె ప్రత్యక్షమై, 'నీకు కత్తితో చావు లేదు, నిప్పుతో చావు లేదు. తూర్పూ, చేటా, ఆ రెండూ కలిసిన చోట మాత్రం జాగ్రత్త నాయనా' అందట. వాడు వెంటనే, 'అమ్మా, తూర్పూ చేటా కాదు, తూర్పున చేటు అనాలి. విభక్తి తప్పింది' అని దిద్దాడట. దేవత వాణ్ని ఎగాదిగా చూసి, 'అలాగే కానీ' అని మాయమైపోయిందట."

"దేవతకే తప్పులు దిద్దాడా!"

"ఆ కథ వాడే నిండుకొలువులో చెప్పుకుని నవ్వేవాడు. అప్పటినుంచి వాడు తూర్పు గుమ్మం తొక్కడు. మేం సైన్యాన్నంతా వాడికి తూర్పున నిలబెట్టి చూశాం. ఏమీ కాలేదు. నేనొక్కణ్నే తప్పించుకున్నాను. నిన్న ఇక్కడ పడమటి తలుపు కూడా ఉండటం చూసి, వాడు అటునుంచి రాగలడని వెళ్లిపోదామనుకున్నాను. పొద్దున మీ అమ్మగారు దానికి కాడి అడ్డం పెట్టేసరికి, ఇంతకన్నా భద్రమైన కోట లేదనుకున్నాను."

మాట పూర్తికాలేదు, పడమటి గోడ కిటికీ బయట తీయని గొంతు వినిపించింది.

"తల్లీ! దాహం. ఒక్క గుక్క చల్ల పోస్తారా?"

పోలవ్వ అప్పటికే కిటికీ దగ్గరికి చేరింది. బయట పొడవాటి ముసలాయన, ఎండుగడ్డి రంగు బట్టలు, బొడ్డు దాకా జారిన పసుపువన్నె గడ్డం.

"చుట్టూ తిరిగి తూర్పు వాకిట్లోకి రండి బాబూ, అరుగు మీద పోస్తాను" అంది.

"తూర్పు గుమ్మం తొక్కనని మొక్కుంది తల్లీ. అయినా ఇంత చక్కని కొట్టానికి పడమటి తలుపు మూసిన పుణ్యాత్ములెవరు? రాళ్లు ఉక్కపోసి చెమటలు కక్కుతున్నాయి."

పోలవ్వ మొహం చేటంత అయింది. "అలా పెట్టండి గడ్డి! నేను పొద్దుటినుంచి మొత్తుకుంటున్నది అదే. మా కోడలికి ఎవరు చెబుతారు?"

చెంగల్వ చటుక్కున అటు తిరిగింది. "నాయనమ్మా! తియ్యొద్దు! తలుపు తియ్యొద్దు!" అని అరుస్తూ రాశి చుట్టూ పరుగెత్తింది. కానీ తన మాటను సమర్థించే మనిషి దొరికినప్పుడు పోలవ్వ చెవులు మరే మాటా వినవు. కాడి లాగింది. గడియ తీసింది. తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

ఆగి ఉన్న పడమటి గాలి ఒక్కసారిగా కొట్టంలోకి దూకింది. దాని వెంటే ముసలాయనా వచ్చాడు. గడప దాటగానే నడుము నిటారైంది, కళ్లు నిప్పుకణికలయ్యాయి.

"రాజకుమారా! మారువేషం బాగానే వేశావు. కానీ ఊకంతా మొహానే పోసుకునే కూలివాడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా?"

హేమకేతు గడ్డివామి పక్కనున్న కొంకికర్ర అందుకునేలోపే తుషదంష్ట్రుడు చిటికె వేశాడు. కొంకికర్ర ఒక్కటే కింద పడింది. అది పట్టుకున్న మనిషి లేడు. గాలిలో ఒక వడ్లగింజ గిరగిరా తిరుగుతోంది. మాంత్రికుడు దాన్ని గోటితో మీటి, నిలువెత్తు రాశి మీదికి విసిరాడు. గింజ గింజల్లో కలిసిపోయింది.

"ఇక ఈ రాశంతా బస్తాలకెత్తి, దంచించి, వండించుకుని తింటాను. ఏదో ఒక ముద్దలో మీ యువరాజు రాకపోడు!"

గడ్డం దులిపాడు. రాలిన ప్రతి పోగూ ఒక భటుడై లేచింది. పచ్చటి మొహాలు, పచ్చటి ఈటెలు, అడుగుల చప్పుడు లేని భటులు. అలికిడికి పరుగెత్తుకొచ్చిన గంగన్నను ఎద్దు తొట్టిలోకి తోశారు. పోలవ్వను గడ్డివామి మీద కూలేశారు. గోనెలు విప్పి ధాన్యం ఎత్తడం మొదలుపెట్టారు.

"ఒరే, ఎవడ్రా నువ్వు!" అంది పోలవ్వ గడ్డిలోంచి తల పైకెత్తి.

"తుషదంష్ట్రుణ్ని!"

"తుషమంటే ఊకే కదుట్రా! ఇంత పెద్ద పేరు పెట్టుకుని అర్థం అదా?"

అప్పుడు చూసింది చెంగల్వ. గాలి విసురుగా వచ్చినప్పుడల్లా భటులు గోనెలు వదిలి గుంజలు కౌగిలించుకుంటున్నారు. మాంత్రికుడు స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. అయినా అతని గడ్డం కొస పొట్టుపొట్టుగా విడిపోయి, గాలిలో తేలి, తూర్పు వాకిలి వైపే సాగిపోతోంది.

తూర్పూ, చేటా!

"నాన్నా!" అని కేక పెట్టింది చెంగల్వ. "దేవత తప్పు చెప్పలేదు! తూర్పంటే దిక్కు కాదు. ధాన్యం తూర్పెత్తడం! చేటంటే చేటే!"

పుల్లయ్య పెట్టిన చేట భటుడి కాళ్ల కింద నలిగి ముక్కలైంది. ఒక్క గెంతులో ఆమె తూర్పు గుమ్మం దాటింది. వెంటపడిన భటులు గడప దగ్గర గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయారు. అరుగు మీద చల్లకుండ. దాని మీద చేట. చేట లాగింది.

"అయ్యో! నా చల్ల!" అని వంటింట్లోంచి సూరమ్మ కేక.

చెంగల్వ వినలేదు. ఈటెల కింద నుంచి వంగి దూసుకెళ్లి రాశి ఎక్కింది. పడమటి గాలికి వీపు పెట్టింది. చేటనిండా ధాన్యం ముంచి తలకన్నా ఎత్తున పట్టి, చిన్నప్పటినుంచి కల్లం మీద విన్న కేకే వేసింది.

"పొలో... పొలి!"

గింజలు జలజలా రాలాయి. గాలి చేట కింది నుంచి పారింది. ముందున్న భటుడి మొహం ఎగిరిపోయింది, తర్వాత ఈటె, ఆ తర్వాత భటుడే ఎగిరిపోయాడు. గంగన్న తొట్టిలోంచి పైకి దూకి, తవుడు చెరిగే పాతచేట అందుకున్నాడు. పోలవ్వ చీరకొంగే చేటగా పట్టింది.

"పొలి! పొలో పొలి!"

ఎత్తినప్పుడల్లా ఒక వరుస భటులు పొట్టై లేచిపోయారు. కొట్టమంతా బంగారు పొగ. కిటికీల్లోంచి పడే ఎండలో ఆ పొట్టు తళతళా మెరుస్తూ, ఊరేగింపు కదిలినట్టు తూర్పు వాకిట్లోంచి బయటికి సాగింది. ఎద్దులు రెండూ తొట్లో తల ఎత్తకుండా మేస్తూనే ఉన్నాయి.

తుషదంష్ట్రుడు పళ్లు కొరికాడు. చూస్తుండగానే పందెంకోడిగా మారి రాశి మీదికి ఎగిరి, గింజలు టపటపా ఏరుకు తినసాగాడు. ఏ గింజ హేమకేతువో ఎవరికి తెలుసు! కోడి మెడ సాచింది. చెంగల్వ చేటతో కోడిని కిందనుంచి గింజలతో సహా ఎత్తేసింది. ఉన్న బలమంతా పెట్టి గాలిలోకి విసిరింది.

తిన్న గింజలన్నీ బొటబొటా రాలిపడ్డాయి. కోడి ఈకలు ఊకయ్యాయి. ఊకలోంచి మాంత్రికుడి గొంతు, "తూర్పు వద్దు! తూర్పు వద్దు!" అని అరుస్తూ, జీవితంలో ఏనాడూ తొక్కని గుమ్మంలోంచి గుప్పున బయటికి వెళ్లిపోయింది.

బయట ఠప్పుమని మూత పడిన చప్పుడు.

ముగ్గురూ రాశి వంక చూశారు. కొండంత రాశి. అందులో ఒక గింజ. గంగన్న పిడికెడు తీసి చూసి, మళ్లీ పోసేశాడు. "తల్లీ, ఇందులో ఎలా వెతుకుతాం?"

చెంగల్వ మళ్లీ గాలికి వీపు పెట్టింది. చేట ముంచింది. ఎగరేసింది. గింజలన్నీ బుద్ధిగా కిందికి రాలాయి. మళ్లీ ముంచింది. మళ్లీ రాలాయి. చేతులు గుంజుతున్నాయి. నడినెత్తినున్న పొద్దు పక్కకు వాలుతోంది. మళ్లీ ముంచింది, మళ్లీ ఎగరేసింది. ఈసారి ఒకే ఒక్క గింజ గాలికి ఎదురొచ్చి ఆమె నుదుటి మీద టక్కున కొట్టింది.

చెంగల్వ దాన్ని గుప్పిట్లో పట్టుకుని పగలబడి నవ్వింది. "దొరికాడు! గాలికి ఎదురొచ్చే గింజ లోకంలో ఇంకెవరు?"

అరచేతిలో పెట్టి మెల్లగా ఊదింది. పైపొట్టు ఎగిరిపోయింది. మరుక్షణం అరచేతిలో పట్టనంత బరువైంది. ఇద్దరూ కలిసి రాశి మీదినుంచి దొర్లుకుంటూ కల్లం మీదికొచ్చి పడ్డారు. హేమకేతు లేచి కూర్చుని, చెవిలోంచి వడ్లు దులుపుకుని, "కృతజ్ఞుడను" అన్నాడు. వెంటనే తుమ్మాడు.

అంతలో సూరమ్మ చల్లకుండ చంకనెత్తుకుని కొట్టంలోకొచ్చింది. మూత మీద రుబ్బురోలు పొత్రం. "చేట తీసినవాళ్లు మళ్లీ బోర్లించొద్దూ? ఇంత పొట్టు పడింది. తీసేద్దామని చూస్తే అది బూతులు తిడుతోంది. గభాలున మూత పెట్టేశాను."

కుండలోంచి బుడబుడమని గొంతు లేచింది. "నేను తుషదంష్ట్రుణ్ని! నన్నొదలండి! పుల్లగా ఉంది! కళ్లు మండుతున్నాయి!"

"నా చల్ల పుల్లగా ఉందంటావా?" సూరమ్మ కుండను ఒక్క కుదుపు కుదిపి, రాజుగారి సంగతి చెంగల్వ చెవిలో వేయగానే ఇంకోటి కుదిపింది. "మా రాజుగారెక్కడ? చెబుతావా, కవ్వం తెమ్మంటావా?"

కవ్వం మాట వినగానే గొంతు దిగింది. "ఇనుపకోనలో, తూర్పుకొండల అవతల. కానీ మీరు పట్టింది నాలో పిడికెడే. మిగిలిన నేను గాలికి అటే వెళ్లాను. కొండకు తగిలి, కుప్పగా చేరి, మళ్లీ లేస్తాను. అప్పుడు మీ రాజును..." మిగతా మాట చల్లలో మునిగిపోయింది.

హేమకేతు మొహం వాడిపోయింది. "వాడు లేవకముందే వెళ్లాలి. ఇప్పుడే బయల్దేరతాను."

"అన్నం తిని వెళ్లు" అంది సూరమ్మ. రాజ్యం మునిగినా ఆ ఇంట్లో అన్నం వేళ దాటదు.

అరుగు మీద విస్తళ్లు వేశారు. వేడన్నం, గోంగూర, వేయించిన మిరపకాయలు. చల్ల మాత్రం లేదు. చల్లకుండ దూరంగా, పొత్రం కింద, గొణుక్కుంటూ కూర్చుంది. రెండు తలుపులూ తీసే ఉన్నాయి. గాలి హాయిగా కొడుతోంది. విస్తట్లో ఒక పొట్టు వాలితే పోలవ్వ దాన్ని గోటితో తీసి, కోడలికి కనబడకుండా పక్కన పెట్టింది. సూరమ్మ చూసింది. అత్తగారికి ఇంకాస్త గోంగూర వడ్డించింది.

చెంగల్వ ముద్ద కలుపుతూ మామూలుగా అంది. "నేనూ వెళుతున్నాను."

గంగన్నకు పొలమారింది.

"ఈయన ఒక్కడే వెళితే ఆ మాంత్రికుడి ఊకంతా మొహానే పోసుకుని తిరిగొస్తాడు. గాలి ఎటుందో చూసి తూర్పెత్తే మనిషి ఒకరు పక్కనుండాలి. చేట నేను పట్టుకుంటాను. దారి చెప్పే కుండ ఆయన మోస్తాడు."

"కుండా?" అన్నాడు హేమకేతు. ఆ మాట తప్ప మిగతాదంతా ఆయనకు నచ్చినట్టే ఉంది.

పోలవ్వ కొడుకు వంక చూసింది. సూరమ్మ మొగుడి వంక చూసింది. ఎద్దుల వైపు చూడబోయి గంగన్న ఆగాడు. నీళ్లు తాగి, గొంతు సవరించుకున్నాడు. "పిల్ల చెప్పింది నిజమే. వెళ్లనీ" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన ఒక పక్షం వహించడం అదే మొదటిసారి. ఎద్దులు కూడా తొట్లోంచి తలలెత్తి చూశాయి.

అందరి కళ్లూ సూరమ్మ మీదికి తిరిగాయి. ఆమె కూతురి విస్తట్లో ఇంకో గరిటెడు అన్నం వేసింది. ఇంకోటి వేసింది. తర్వాత, గరిటె పట్టుకునే చెప్పింది.

"ఆ పాతకాడిని పొయ్యిలో పెట్టేయండి. నువ్వు తిరిగొచ్చేదాకా పడమటి తలుపు మూసేది లేదు. నువ్వు తూర్పుకు పోతున్నావు కదా, మన కొట్టం గాలి దారి పొడవునా నీ వీపునే ఉండాలి."

"మరి చల్లలో ఊక పడితేనో?" అంది పోలవ్వ.

"పడనీ అత్తా. తీసేసుకుని తాగుదాం."